మారింది గుండెనా, కొలతనా?

“పంపింగ్ ఎంత ఉందన్నారు?” ఎకో తీయించుకుని ఇంటికొచ్చిన మనిషిని అందరూ ముందుగా అడిగేది ఇదే. జవాబు ఒక అంకె. ఆరు నెలల కిందట 57, ఇవాళ 51. అంతే, ఇంట్లో ముఖాలు వాడిపోతాయి. మందు పనిచేయడం లేదా, జబ్బు ముదిరిందా, ఇంకో డాక్టరుకి చూపించాలా అని గుసగుసలు మొదలవుతాయి. ఆ గుసగుసల్లో ఎవరికీ తట్టని ప్రశ్న ఒకటుంది: తగ్గింది గుండె బలమా, లేక ఈసారి కొలిచిన చెయ్యి వేరా?

ఈ ప్రశ్నతో ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నది గుండె డాక్టర్లు మాత్రమే కాదు. సముద్రంలో ఏ చేప ఎంత మిగిలి ఉందో లెక్కకట్టే శాస్త్రవేత్తలదీ ఇదే గొడవ. “పోయిన ఏడాదికంటే నిల్వ తగ్గింది” అని వాళ్లు ఒక్క వాక్యం రాస్తే, వేలమంది జాలర్ల వలలు ఒడ్డునే ఉండిపోవచ్చు. గుండెను కోసి చూడలేం, సముద్రాన్ని తోడి చూడలేం. అందుకని ఇద్దరూ లోపలికి శబ్దం పంపుతారు, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని బట్టి లోపల ఏముందో చెబుతారు. ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో మసకగా ఉన్నది రెండోదానిలో తేటపడుతుంది. ఎకో రిపోర్టులోని అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే చేపల లెక్కకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఈ రెండింటికీ చుట్టరికం కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జలాంతర్గాముల్ని కనిపెట్టడానికి ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త పాల్ లాంజవాఁ క్వార్ట్జ్ పలకలతో నీళ్లలోకి అతిధ్వనులు పంపాడు. ఆ విద్యే కొన్నాళ్లకు సముద్రపు లోతు కొలిచే యంత్రంగా ఓడలకెక్కింది. 1935లో నార్వేకి చెందిన ఆస్కార్ సుండ్, లొఫోటెన్ దీవుల దగ్గర ఒక పరిశోధన నౌక మీద ఆ యంత్రం గీసిన కాగితాన్ని ప్రచురించాడు. అడుగున నేల గీత ఉంది. దానికి పైన, నీళ్ల మధ్యలో, మబ్బు తునకల్లాంటి మరకలున్నాయి. అవి కాడ్ చేపల గుంపులు. 1953 అక్టోబరులో స్వీడన్‌లోని లుండ్ పట్టణంలో ఇంగె ఎడ్లర్ అనే గుండె వైద్యుడు, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్త కలిసి, ఓడలు కట్టేచోట ఇనుప అతుకుల్లో పగుళ్లు వెతకడానికి వాడే యంత్రాన్ని అరువు తెచ్చుకుని మనిషి ఛాతీ మీద ఆనించారు. గుండె లోపలి కదలికలు తెర మీద కనిపించాయి. ఇవాళ్టి ఎకో పరీక్షకి ఆది అదే. శబ్దపు స్థాయి మాత్రం వేరు: చేపలకు ఎక్కువగా వాడేది 38 కిలోహెర్ట్జ్, గుండెకు 2 నుంచి 5 మెగాహెర్ట్జ్.

మరక కనిపించడం వేరు, మరకలో ఎంత ఉందో చెప్పడం వేరు. అసలు చిక్కంతా ఈ రెండో పనిలోనే ఉంది.

గీతకీ అంకెకీ మధ్య

పంపింగ్ అని మనం అనే దాన్ని డాక్టర్లు ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు, పొట్టిగా ఈఎఫ్. గుండె ఎడమ జఠరిక, అంటే రక్తాన్ని ఒంటికంతా తోసే కింది గది, రక్తంతో నిండినప్పుడు 120 మిల్లీలీటర్లు పట్టిందనుకోండి. ముడుచుకున్నాక లోపల 50 మిగిలింది. అంటే 70 బయటికి పోయింది. 120లో 70 అంటే 58 శాతం. నిండిన రక్తమంతా బయటికి నెట్టే గుండె ఎక్కడా ఉండదు కాబట్టి 100కి 58 అని కంగారుపడనక్కర్లేదు. 55 నుంచి 70 మధ్య ఉంటే ఆరోగ్యమే.

ఇక్కడ గమనించాల్సిందొకటి ఉంది. యంత్రం మిల్లీలీటర్లు కొలవదు. కొలిచేది కాలం: శబ్దం పోయి రావడానికి ఎంతసేపు పట్టిందన్నది. శరీరపు మెత్తటి కండలో శబ్దం సెకనుకు 1540 మీటర్లు పోతుందని ముందే ఒప్పుకుని, ఆ కాలాన్ని దూరంగా మారుస్తుంది. ఆ దూరాన్ని మనిషి తెర మీద రెండు చుక్కలు పెట్టి కొలుస్తాడు. ఆ కొలతను ఏదో ఒక సూత్రంలో వేస్తే మిల్లీలీటర్లు వస్తాయి. చివరికి శాతం. అన్ని మెట్లూ దిగి వచ్చాకే అది 57 అయి రిపోర్టులో కూర్చుంటుంది.

పాతరోజుల్లో బాగా వాడిన టైక్‌హోల్జ్ సూత్రాన్నే తీసుకుందాం. ఇది 1976 నాటిది. గదికి అడ్డంగా ఒక్క గీత కొలిస్తే చాలు, గది మొత్తం ఎంత పడుతుందో ఇది చెప్పేస్తుంది. నిండినప్పుడు అడ్డకొలత 5.0 సెంటీమీటర్లు, ముడుచుకున్నప్పుడు 3.5 అయితే ఈఎఫ్ 57 శాతం వస్తుంది. ఇప్పుడు అదే బొమ్మ మీద ఇంకొకరు చుక్కలు పెట్టారు. ముడుచుకున్న కొలత 3.7 అన్నారు. తేడా 2 మిల్లీమీటర్లు. గోడ అంచు ఎక్కడ మొదలైందో తేల్చుకోవడంలో అంతమాత్రం తేడా ఎవరికైనా వస్తుంది. ఈఎఫ్ 51కి పడిపోయింది. నిండిన కొలతలో కూడా 2 మిల్లీమీటర్లు తగ్గి 4.8 అన్నారనుకోండి, ఈఎఫ్ 46. గుండె అదే, వీడియో అదే, క్షణం కూడా అదే. ఒకరి చేతిలో ఆరోగ్యవంతుడు, ఇంకొకరి చేతిలో రోగి.

రెండు మిల్లీమీటర్లు ఇంత పని ఎందుకు చేశాయి? పొడవు నుంచి ఘనపరిమాణానికి వెళ్లాలంటే కొలతను దానితోనే మూడుసార్లు హెచ్చవేసినంత పని చేయాలి. చిన్న తప్పు కూడా దాంతోపాటు హెచ్చుతుంది. అందుకే ఈ ఒక్క గీత పద్ధతితో ఈఎఫ్ చెప్పొద్దని ఇప్పటి మార్గదర్శకాలు అంటున్నాయి. బదులుగా గది అంచును చుట్టూ గీసి, దాన్ని 20 బిళ్లలుగా కోసినట్టు ఊహించి, ఆ బిళ్లల్ని పేర్చి లెక్కకట్టే సింప్సన్ పద్ధతి వాడమంటున్నాయి. అది మేలే. కానీ దానిలోనూ ఒక బోను ఉంది. ఛాతీ మీద ఆనించే ప్రోబు కొంచెం వంకరగా పట్టుకుంటే గుండె కొన దగ్గర కోత పడదు, గది పొట్టిగా కనిపిస్తుంది. బొమ్మ చక్కగానే ఉంటుంది, గీత నున్నగానే పడుతుంది, అంకె మాత్రం తప్పు. తప్పని చెప్పే గుర్తేమీ తెర మీద ఉండదు.

సముద్రంలోనూ సరిగ్గా ఇలాంటి చీకటి మూల ఒకటుంది. నేల నుంచి వచ్చే ప్రతిధ్వని ఎంత గట్టిదంటే, నేలకు ఆనుకుని ఉన్న చేప ప్రతిధ్వని దానిలో కలిసిపోతుంది. అడుగున ఉండే ఆ పలచటి పొరలో చేప ఉన్నా లేనట్టే. పొర మందం తక్కువే, కానీ రాత్రీ పగలూ, రుతువును బట్టీ చేపలు నేలకు దగ్గరగా దిగడం, పైకి రావడం జరుగుతుంటుంది. నిల్వ తగ్గిందా, కిందికి దిగిందా? ప్రతిధ్వని ఒక్కటే చూస్తే చెప్పలేం.

ఒక్క చేప ఎంత గట్టిగా పలుకుతుంది?

చేపల లెక్కకు మూలసూత్రం చెవికి చాలా సులువుగా ఉంటుంది. గుంపు నుంచి వచ్చిన మొత్తం ప్రతిధ్వనిని, ఒక్క చేప ఇచ్చే ప్రతిధ్వనితో భాగించు. వచ్చింది చేపల సంఖ్య. 1960ల నడుమ నార్వేవాళ్లు ఈ మొత్తాన్ని కూడిపెట్టే పరికరం చేశారు. దాంతో మరకలు సంఖ్యలయ్యాయి.

మొత్తాన్ని బాగానే కొలవచ్చు. దానికో ముచ్చటైన ఏర్పాటు కూడా ఉంది: టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేసిన 38.1 మిల్లీమీటర్ల గోళాన్ని సన్నటి దారాలతో ఓడ కిందికి వేలాడదీస్తారు. దాని ప్రతిధ్వని ఎంత ఉండాలో భౌతిక శాస్త్రం ముందే చెబుతుంది. యంత్రం చూపించేది దానికి సరిపోయేదాకా సరిచేసుకుంటారు. గోళాన్ని కొలిచాకే చేపను కొలుస్తారు. ఈ పద్ధతంటే నాకు గౌరవం. బతికున్న గుండెలోకి అలాంటి గోళాన్ని దించలేం కదా.

కష్టమంతా భాగించే అంకెతోనే. ఒక్క చేప ఎంత గట్టిగా పలుకుతుందన్నది చేప ఒంటిని బట్టి కాదు, దాని కడుపులోని గాలితిత్తిని బట్టి ఉంటుంది. తిరిగొచ్చే శబ్దంలో 90 శాతానికి పైగా ఆ తిత్తి నుంచే వస్తుంది. చేప కండ, నీరు శబ్దానికి దాదాపు ఒకటే. గాలి మాత్రం గోడలా ఎదురు కొడుతుంది. ఇప్పుడు చిక్కులు చూడండి. కాడ్ చేప తన తిత్తిలోకి రక్తం నుంచే వాయువు నింపుకోగలదు, లోతుకు పోయినా సర్దుకుంటుంది. హెర్రింగ్ అలా చేయలేదు. పైన గుటకేసిన గాలే దానికి ఆధారం. లోతుకు దిగితే నీటి ఒత్తిడికి తిత్తి నొక్కుకుపోతుంది, ప్రతిధ్వని సన్నబడుతుంది. అట్లాంటిక్ మాకెరెల్‌కి అసలు తిత్తే లేదు. ఇంకోవైపు, చేప తల కొంచెం కిందికి వంచి ఈదితే తిత్తి కోణం మారి, పైనున్న ఓడకు వినపడే ప్రతిధ్వని బాగా పడిపోతుంది. ఓడ చప్పుడుకు బెదిరి కిందికి దూకే చేప సరిగ్గా అదే పని చేస్తుంది.

అందుకే జాతికో సూత్రం వాడతారు. ఒకే పొడవున్న కాడ్‌కీ హెర్రింగ్‌కీ మధ్య ఈ సూత్రాల్లో తేడా 4.4 డెసిబెల్‌లు. వినడానికి చిన్నది. డెసిబెల్ లెక్కలో 3 తేడా వస్తేనే శక్తి రెండింతలవుతుందని గుర్తుంచుకుంటే, 4.4 అంటే దాదాపు మూడింతలని తేలుతుంది. మరకలో ఉన్నది ఏ చేపో పొరపడితే సముద్రంలో చేపలు మూడో వంతుకు తగ్గిపోతాయి, లేదా మూడింతలవుతాయి. ఒక్క చేప కూడా పుట్టకుండా, చావకుండా.

జాతి తెలిసినా పొడవు తెలియాలి. ఒక్క చేప ప్రతిధ్వని దాని పొడవు వర్గాన్ని బట్టి, అంటే పొడవును పొడవుతోనే హెచ్చవేసినంతగా, పెరుగుతుంది. సగటు పొడవు 20 సెంటీమీటర్లనుకున్నది నిజంగా 22 అయితే, చేపల సంఖ్య 17 శాతం తగ్గుతుంది. కానీ ఒక్కో చేప బరువు మూడో వంతు పెరుగుతుంది, కాబట్టి మొత్తం టన్నులు 10 శాతం పెరుగుతాయి. సంఖ్య ఒకవైపు, బరువు ఇంకోవైపు. అందుకే సర్వే నౌక శబ్దంతోనే సరిపెట్టుకోదు, మధ్యమధ్యలో వల వేసి నాలుగు చేపలు పైకి తీసి చూస్తుంది.

గుండె నుంచి ఒంటికి రక్తం పోయే బృహద్ధమని కవాటం ఇరుకైనప్పుడు చేసే లెక్కలోనూ ఈ వర్గమే దెబ్బకొడుతుంది. కవాటం కింద రక్తం పోయే దారి వ్యాసం 2.0 సెంటీమీటర్లా 1.8నా అన్నది తెర మీద చుక్కంత తేడా. వైశాల్యంలో అది 19 శాతం. కవాటం ఇరుకు తీవ్రమా కాదా అని తేల్చే గీత 1 చదరపు సెంటీమీటరు దగ్గర ఉంది. ఆ గీతకు అటూ ఇటూ ఉన్న మనిషికి ఆ చుక్కే ఆపరేషన్‌ను తేలుస్తుంది. అందుకే అనుభవమున్న డాక్టరు ఆ వైశాల్యం ఒక్కటే చూడడు. రక్తం దూకే వేగం సెకనుకు 4 మీటర్లు దాటిందా, కవాటానికి రెండువైపులా సగటు ఒత్తిడి తేడా 40 మిల్లీమీటర్ల పాదరసం దాటిందా అని కూడా చూస్తాడు. మూడు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పకపోతే అప్పుడు కూర్చుని ఆలోచిస్తాడు.

తిత్తిలేని మాకెరెల్‌ను లెక్కపెట్టేవాళ్లు కూడా వేరే సాక్షిని వెతుక్కున్నారు. అది పెట్టిన గుడ్లు నీళ్లలో తేలుతుంటాయి. సన్నటి వలతో ఆ గుడ్లను లెక్కించి, ఒక్కో ఆడచేప ఎన్ని పెడుతుందో దానితో భాగించి, తల్లులెన్నో తేలుస్తారు. ఈశాన్య అట్లాంటిక్‌లో మూడేళ్లకోసారి ఈ సర్వే జరుగుతుంది.

పాసంగం ఉన్న తక్కెడ

తప్పులన్నీ ఒక తీరువి కావు. తక్కెడలో పాసంగం ఉంటే తూచిన ప్రతిసారీ ఒకే పక్కకు మొగ్గుతుంది. తూచే చెయ్యి వణికితే ఒకసారి ఇటు, ఒకసారి అటు. మొదటిదానికి మందు ఉంది: అదే తక్కెడతో రెండుసార్లు తూచి తేడా చూస్తే పాసంగం కొట్టుకుపోతుంది. ఎంత ఉందో తెలియకపోయినా ఎంత మారిందో తెలుస్తుంది. ఇది అర్థమైతే, ఈ రెండు రంగాల్లోనూ కనిపించే ఒక వింత అర్థమవుతుంది. మంచి పరికరం చేతికొచ్చినా పాతదాన్ని వదలరు.

గుండె రక్తనాళాల్లో పేరుకున్న సున్నాన్ని సీటీలో కొలిచే ఆగట్‌స్టన్ స్కోరును చూడండి. 1990లో వచ్చింది. మచ్చ వైశాల్యాన్ని, దాని గరిష్ఠ సాంద్రతను బట్టి 1 నుంచి 4 దాకా ఒక అంకెతో హెచ్చవేస్తారు. సాంద్రత 299 అయితే 2తో, 300 అయితే 3తో. ఒక్క యూనిట్ తేడాకు ఆ మచ్చ స్కోరు ఒకటిన్నర రెట్లవుతుంది. గణితం తెలిసిన ఎవరైనా ఇది బాగాలేదంటారు. నిజమే, బాగాలేదు. అయినా వదలకపోవడానికి కారణముంది: ఎంత స్కోరున్నవాళ్లకు తర్వాతి ఏళ్లలో గుండెపోటు వచ్చిందో చెప్పే దశాబ్దాల అనుభవమంతా ఈ కొలబద్ద మీదే రాసి ఉంది. కొలబద్ద మార్చితే ఆ అనుభవం మూగబోతుంది.

సముద్ర సర్వేల్లో ఏళ్ల తరబడి ఒకే తీరు వల, ఒకే వేగం, ఒకే అరగంట లాగుడు పట్టుకుని ఉండటానికి కారణమూ ఇదే. ఎక్కువ చేపలు పట్టే వల వాళ్లకు అక్కర్లేదు. పోయినసారి ఎలా పట్టిందో ఈసారీ అలాగే పట్టే వల కావాలి.

దీన్ని తప్పితే ఏమవుతుందో అమెరికా ఈశాన్య తీరంలో చూశారు. అక్కడ ఆల్బట్రాస్ 4 అనే సర్వే నౌక వలను లాగే రెండు ఉక్కు తాళ్ల మీద పొడవు గుర్తులు సరిగా లేవని 2002లో బయటపడింది. ఒక తాడు రెండోదానికంటే ఎక్కువ వదులుతున్నారు, వల ఓరగా పోతోంది. 2000 నుంచి చేసిన సర్వేలన్నీ అనుమానంలో పడ్డాయి. తర్వాత పరీక్షలు చేసి, నిల్వల అంచనాలను ఇది పెద్దగా మార్చలేదని శాస్త్రవేత్తలు చెప్పారు. కానీ ఆ అంకెల వల్ల వేట తగ్గించుకున్న జాలర్లకు ఆ మాట ఎక్కలేదు. ఎక్కకపోవడంలో వాళ్ల తప్పు నాకు కనిపించదు. తాడు మీద గుర్తు సరిచూసుకోవడం కొలిచేవాళ్ల మొదటి పని.

ఆ నౌకకు వయసైపోయి 2009లో హెన్రీ బి. బిగలో అనే కొత్త నౌక వచ్చింది. ఈసారి జాగ్రత్తపడ్డారు. అంతకుముందు ఏడాది రెండు ఓడల్నీ పక్కపక్కన నడిపి, ఒకేచోట ఒకేసారి వందల సార్లు వలలు లాగి, పాత ఓడ ఒకటి పట్టినచోట కొత్తది ఎన్ని పడుతుందో జాతివారీగా, పొడవువారీగా లెక్క తీశారు. అది ఒకే నిష్పత్తి కాదు. ఒక్కో జాతికి ఒక్కోలా ఉంది, చిన్న చేపకు ఒకలా పెద్ద చేపకు ఇంకోలా ఉంది. గుండె స్కానింగులో ఇంత శ్రమ ఎంతమంది పడుతున్నారు? కండ ఎంత శాతం కుంచించుకుంటుందో చెప్పే స్ట్రెయిన్ అనే కొలతకు ఒక్కో కంపెనీ యంత్రం ఒక్కోలా జవాబిస్తుందని తెలిసి, అమెరికా, యూరప్ ఎకో సంఘాలు కంపెనీలను ఒకచోట కూర్చోబెట్టి సరిచేయించే పని పెట్టుకున్నాయి. తేడాలు తగ్గాయి, పోలేదు. రోగి మాత్రం ఈసారి ఒకచోట, వచ్చేసారి ఇంకోచోట పరీక్ష చేయించుకుని రెండు అంకెల్నీ తీసివేసుకుంటున్నాడు.

నిలకడగా కనిపించే అంకె

వణికే అంకె కంటే ప్రమాదమైనది ఇంకొకటుంది. లోపల అంతా కూలిపోతున్నా పైకి నిలకడగా కనిపించే అంకె అది.

కెనడా తూర్పున న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి కాడ్ చేపల నిల్వ శతాబ్దాలపాటు యూరప్‌ను పోషించింది. 1968లో ఒక్క ఏడాదే అక్కడ 8 లక్షల టన్నులు పట్టారు. 1977లో కెనడా తన హద్దును 200 నాటికల్ మైళ్లకు చాచి, విదేశీ ఓడల్ని పంపేశాక, నిల్వ కోలుకుంటుందని అందరూ నమ్మారు. 1980లలో లెక్కకట్టేవాళ్ల ముందు రెండు సాక్ష్యాలున్నాయి. పరిశోధన నౌకల సర్వే ఒకటి: ఒక ఏడాది పైకి, ఒక ఏడాది కిందికి, గందరగోళం. వలలు లాగే పెద్ద వ్యాపార ఓడలు, అంటే ట్రాలర్లు, గంటకు ఎంత పడుతున్నాయన్నది రెండోది: నున్నగా, చక్కగా పైకి పోయే గీత. మీరు ఆ కుర్చీలో ఉంటే దేన్ని నమ్ముతారు? వాళ్లూ నున్నటి గీతకు ఉండాల్సినదానికంటే ఎక్కువ విలువిచ్చారు.

ఆ గీత అబద్ధం చెప్పలేదు. ట్రాలర్లు గంటకు నిజంగానే అంత పట్టాయి. కానీ చేప తగ్గేకొద్దీ మిగిలినవి చెదిరిపోలేదు, ఒకచోటికి గుంపుకట్టాయి. ట్రాలర్ నడిపేవాడు సముద్రమంతా గాలించడు, గుంపు ఉన్నచోటికే నేరుగా పోతాడు. పరికరాలు, అనుభవం ఏటేటా మెరుగుపడుతున్నాయి. చివరి గుంపు దాకా వల నిండుతూనే ఉంటుంది. తీరం దగ్గర చిన్న పడవల్లో వేటాడేవాళ్లు మాత్రం, చేప ఒడ్డుకు రావడం మానేసిందని 1980ల నడుమ నుంచే మొత్తుకున్నారు. వాళ్ల మాట ఆ లెక్కలోకి రాలేదు. 1989కి అంచనాలు తారుమారయ్యాయి. 1992 జులై 2న వేటను పూర్తిగా ఆపేశారు. దాదాపు 30 వేలమంది ఒక్కసారిగా పని పోగొట్టుకున్నారు.

గుండెలో దీనికి సరిజోడు, ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం కారడం. ఎడమ జఠరిక ముడుచుకున్నప్పుడు రక్తం ముందుకు పోవాలి. కవాటం కారుతుంటే కొంత వెనక్కి, పై గదిలోకి పోతుంది. ఈఎఫ్ లెక్కకు ఎటు పోయిందన్నది పట్టదు, గది నుంచి ఎంత పోయిందన్నదే పడుతుంది. పైగా వెనక్కి తోయడం తేలిక. కాబట్టి కండ నీరసిస్తున్నా ఈఎఫ్ 60లలో మెరుస్తూనే ఉంటుంది. “పంపింగ్ బాగుంది కదా, ఇంకొన్నాళ్లు చూద్దాం” అనిపిస్తుంది. కవాటం బాగుచేశాక ఆ తేలికదారి మూసుకుపోయి, అసలు బలం ఎంతో అప్పుడు బయటపడుతుంది. అందుకే కారడం తీవ్రంగా ఉన్నవాళ్లలో ఈఎఫ్ 60కి దిగినా, ముడుచుకున్న గది అడ్డకొలత 40 మిల్లీమీటర్లకు చేరినా ఇక ఆలస్యం చేయొద్దని మార్గదర్శకాలు చెబుతాయి. వేరేవాళ్లకు 60 ఆరోగ్యం, వీళ్లకు హెచ్చరిక.

ఎంత మారితే మారినట్టు?

మొదటి ప్రశ్నకు తిరిగొద్దాం. 57 నుంచి 51. దీనికి జవాబు చెప్పాలంటే, ఏమీ మారని గుండెను రెండుసార్లు కొలిస్తే ఎంత తేడా వస్తుందో ముందు తెలియాలి. ఒక్కో కొలత 4 పాయింట్లు అటూ ఇటూ ఊగేదైతే, రెండు కొలతల తేడాలో రెండు ఊగుళ్లూ కలుస్తాయి. లెక్కప్రకారం 11 పాయింట్లు దాటితేనే మారిందని ధైర్యంగా అనగలం. ఒక్కోదానిలో ఊగు 2 పాయింట్లే అయితే ఐదారు చాలు. 2013లో క్యాన్సర్ మందులు వాడుతున్న, గుండె స్థిరంగా ఉన్న రోగులను పదేపదే కొలిచిన అధ్యయనంలో, మామూలు టూడీ ఎకోలో రెండు కొలతల మధ్య ఊగు 10 పాయింట్లకు అటూ ఇటూగా ఉంటే, త్రీడీ ఎకోలో సుమారు 6కి తగ్గింది. క్యాన్సర్ మందు గుండెను దెబ్బతీసిందనడానికి వాడే గీత కూడా 10 పాయింట్ల తగ్గుదలే. అంటే పాత పద్ధతిలో గీత, ఊగు ఒకే ఎత్తులో ఉన్నాయి. అలాంటి అంకెను చూసి పనిచేస్తున్న క్యాన్సర్ మందును ఆపితే ఏమవుతుందో ఊహించండి.

ఇక్కడ ఒక పాత పొరపాటును ప్రస్తావించాలి. కొత్త పద్ధతి పాతదానితో ‘0.95 సహసంబంధం’ చూపిందని పరిశోధన పత్రాలు గర్వంగా రాసేవి. ఒక పద్ధతి ఎప్పుడూ 10 ఎక్కువ చూపినా సహసంబంధం పూర్తిగా 1 రావచ్చు. రెండూ కలిసి పెరుగుతున్నాయన్నదే అది చెబుతుంది, రెండూ ఒకటే చెబుతున్నాయని కాదు. మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లో దీన్ని విడమరిచి, తేడాల్నే గీసి చూడమన్నారు. ఆ గీత లేని కొలత పత్రాన్ని నేను సగమే నమ్ముతాను.

కంప్యూటరే చుక్కలు పెడితే చేతివణుకు పోతుంది. 2023లో వచ్చిన ఒక యాదృచ్ఛిక పరీక్షలో, ఎవరి కొలతో తెలియకుండా గుండె డాక్టర్లకు ఇస్తే, టెక్నీషియన్ కొలతల్లో 27 శాతాన్ని, యంత్రం కొలతల్లో 17 శాతాన్ని గట్టిగా దిద్దారు. మంచి ఫలితమే. కానీ వంకరగా తీసిన బొమ్మను యంత్రం ప్రతిసారీ ఒకేలా తప్పు కొలుస్తుంది. ఊగు తగ్గడం వేరు, పాసంగం పోవడం వేరు.

ఇంత ఊగే అంకెల మీద కత్తితో కోసినట్టు గీతలు పెట్టుకున్నాం. ఈఎఫ్ 35కి దిగితే ఛాతీలో షాకిచ్చే పరికరం గురించి ఆలోచించాలి, 40 లోపైతే ఒక రకం మందులు. గీతలు లేకుండా నిర్ణయాలు జరగవు, అది నిజం. కానీ గీత కూడా మనిషి పెట్టిందే, పక్కకు జరగగలదు. న్యూఫౌండ్‌లాండ్ కాడ్ విషయంలో 2023లో సరిగ్గా ఇదే జరిగింది. కెనడా శాస్త్రవేత్తలు లెక్కను 1950ల దాకా వెనక్కి పొడిగించి, ప్రమాదపు గీతను కిందికి దించారు. ప్రమాద మండలంలో ఉందనుకున్న నిల్వ జాగ్రత్త మండలంలోకి వచ్చింది, అదీ కొన్నేళ్ల ముందు నుంచే ఉన్నట్టు తేలింది. నీళ్లలోని చేపలు అవే. మరుసటి ఏడాది, 32 ఏళ్ల నిషేధాన్ని ఎత్తేసి 18 వేల టన్నుల వేటకు అనుమతిచ్చారు.

చేపల లెక్కలో నాకు బాగా నచ్చిన పని ఇంకొకటుంది. చేప చెవిలోని రాయిని పలచగా కోస్తే చెట్టుకున్నట్టు ఏడాదికో వలయం కనిపిస్తుంది. వయసు అలాగే తెలుస్తుంది. వలయాలు లెక్కపెట్టేది మనిషి కన్ను కాబట్టి, ఆ కన్నుకూ పాసంగం ఉంటుంది, అది ఏళ్లు గడిచేకొద్దీ తెలియకుండా పక్కకు జరుగుతుంది. అందుకని దశాబ్దాల కిందటి రాళ్లను చిన్న కవర్లలో దాచి ఉంచుతారు. ఏటా కొత్తవాటి మధ్యలో కొన్ని పాతవి కలిపి, ఏది ఏదో చెప్పకుండా మళ్లీ చదివిస్తారు. పాత రాయికి ఇవాళ వచ్చిన వయసు అప్పటిదాంతో సరిపోతే, మార్పు చేపల్లోదే. సరిపోకపోతే, కన్ను మారిందన్నమాట.

ఎకో వీడియోలు కూడా దాచి ఉంటాయి. 57 నుంచి 51కి పడిందని రిపోర్టు వచ్చినప్పుడు, పాత వీడియోనూ కొత్తదాన్నీ తెర మీద పక్కపక్కన పెట్టి, తేదీలు కప్పేసి, ఒకే మనిషి రెండింటినీ మళ్లీ కొలవడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు అడగండి.